మన బారుకి మూడు చుక్కలు

ఫీడ్‌బ్యాక్ ఫారం నింపనిదే ఏ మనిషినీ బారు గుమ్మం దాటి బయటికి పోనివ్వకూడదు! అవసరమైతే తలుపు దగ్గర బలమైన మనిషిని పెట్టి ఆపాలి. ఇది నేను తాగి అంటున్న మాట కాదు. తాగి, పుస్తకంలో రాసుకుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ చదువుకుని, తప్పేమీ లేదని తేల్చుకున్నాక అంటున్న మాట.

మీకు చిరాకని నాకు తెలుసు. టాక్సీ దిగితే స్టార్లు ఇవ్వమంటాడు. చెప్పుల జత కొంటే ఇవ్వమంటాడు. మొన్న పళ్ల డాక్టరు నా దవడపన్ను పీకి, నోట్లో దూది కుక్కి, ఆ దూది ఇంకా తడవకముందే "మీ అనుభవం ఎలా ఉంది?" అని ఫోన్‌కి మెసేజ్ కొట్టాడు. విమానాశ్రయంలో మరుగుదొడ్డి బయట నవ్వుముఖం ఒకటి, ఏడుపుముఖం ఒకటి, రెండు బటన్లు పెట్టారు. లోపల మనకేం జరిగిందో దాన్ని బట్టి ఏదో ఒకటి నొక్కి కదలాలి. మీరంతా దీన్ని పీడ అంటారు. నేను వరం అంటాను!

ఎందుకంటారా? ఇదివరకు మనిషికి అభిప్రాయాలుండేవి, అడిగే దిక్కుండేది కాదు. నా సంగతే తీసుకోండి. ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరు. కర్టెన్ల రంగు మారాక, మారిందని నాకు తెలుస్తుంది. ఆఫీసులో అడుగుతారు గానీ వినరు. అలాంటివాణ్ణి పట్టుకుని ఒక బారు "దయచేసి మీ విలువైన అభిప్రాయం తెలపండి" అంటే కళ్లు చెమర్చవా?

కిందటి నెల నుంచి మన పత్రికలో నా కాలమ్ కింద కూడా ఐదు చుక్కలు అచ్చువేస్తున్నారు, గమనించారా? పక్కన గళ్లగళ్ల బొమ్మ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేసి నొక్కడమే. ఎడిటర్‌గారు నన్ను పిలిచి, "ఇకనుంచి పాఠకులే మీకు మార్కులు వేస్తారండీ" అన్నారు. ఎగిరి గంతేశాను. స్టార్లంటే నాకు భయమా? ఈ విద్యలో నేను పాతకాపుని! లోకానికి ఈ పిచ్చి పట్టకముందే, ఇరవై ఏళ్ల క్రితమే, నాకు పట్టింది.

నా ఉద్యోగం అచ్చు యంత్రాలు బాగుచేయడం. పత్రికలు అచ్చువేసే పెద్ద పెద్ద మిషన్లు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి కంపెనీ నన్ను తోలుతుంది. పగలంతా రోలర్ల మధ్య తల దూర్చి, చేతుల ఇంకు కడుక్కుని, సాయంత్రం కాగానే ఆ ఊళ్లో బీరు ఎక్కడ దొరుకుతుందా అని బయల్దేరతాను. అలా పదకొండు దేశాలు చూశాను. ఆ దేశాల్లో మంచి మంచి మ్యూజియంలు ఉన్నాయట. మా ఆవిడ చెబుతూ ఉంటుంది.

జేబులో నీలం అట్ట నోట్‌బుక్ ఎప్పుడూ ఉంటుంది. బీరు పేరు, బారు పేరు, గ్లాసు ఎలాంటిది, నురగ ఎంతసేపు నిలిచింది, అన్నీ రాసి చివర చుక్కలు పెడతాను. ఐదుకి ఇన్నని.

ఐదు చుక్కలు ఇంతవరకూ దేనికీ పెట్టలేదు. అవి నేనింకా తాగని బీరు కోసం దాచి ఉంచాను. నాలుగు ఒక్కసారి పెట్టాను. మూడు రోజులుగా కదలని మిషన్ కదిలిన సాయంత్రం అది. రెండేళ్ల తర్వాత అదే ఊరు వెళ్లి, అదే బల్ల ముందు కూర్చుని, అదే బీరు తాగితే సంగతి అర్థమైంది. ఆ నాలుగో చుక్క నా సంతోషానిది, బీరుది కాదు. అక్కడే కూర్చుని కొట్టేశాను. కాబట్టి నా లెక్కలో మూడంటే శిఖరం. ఇంతకన్నా ఏం కావాలి అని అర్థం.

మా ఆవిడ దీన్ని పిసినారితనం అంటుంది. పెళ్లయిన కొత్తలో తను చేసిన సూపు తాగి "ఫరవాలేదు" అన్నానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా నోటి నుంచి వచ్చే "ఫరవాలేదు" అంటే మూడు చుక్కలని తనకి అర్థమవడానికి ఏడేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మాట అనకపోతేనే, "ఏం, ఉప్పు ఎక్కువైందా?" అని అడుగుతుంది.

ఇక విదేశాల్లో నా తీర్పులు ఎంత నిష్పక్షపాతంగా ఉండేవో వినండి.

ఒక దేశంలో ఒక పాత పబ్బుకి వెళ్లాను. చెక్క నేల, మూలన చలిమంట గూడు, దాని ముందు కుక్క. బల్ల దగ్గర దర్జాగా కూర్చున్నాను. పావుగంటైంది. ఎవరూ రాలేదు. అరగంటైంది. జనం వస్తున్నారు, తాగుతున్నారు, పోతున్నారు. నన్ను పలకరించినవాడు లేడు, కుక్క తప్ప. నలభై నిమిషాలు కూర్చుని ఒళ్లు మండి, "ఇక్కడ మర్యాద మచ్చుకైనా లేదు" అని రాసి, ఒక చుక్క పెట్టి, దాహంతో బయటికొచ్చేశాను. మా బావమరిది నాతోపాటే మిషన్ల కరెంటు పని చూస్తాడు. వాడు విని పడీపడీ నవ్వాడు. "బావా, అక్కడ మనమే లేచి కౌంటర్ దగ్గరికెళ్లి తెచ్చుకోవాలి. నలభై నిమిషాలు అలా బొమ్మలా కూర్చున్నావా? పాపం, నువ్వేదో దుఃఖంలో ఉన్నావనుకుని ఉంటారు" అన్నాడు. ఆ చుక్క దిద్దలేదు. తీర్పు తీర్పే!

ఇంకో దేశంలో బీరు కాస్త చల్లగా మాత్రమే ఇచ్చారు. నాకు పళ్లు జివ్వుమనాలి. గ్లాసులోకి రెండు ఐసు ముక్కలు వేయమని అడిగాను. మూలన పేకాడుతున్న ముసలాయన ముక్కలు బల్ల మీద బోర్లించి నా వైపు తిరిగాడు. పరామర్శకి వెళ్లి పాట ఎత్తుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు. రెండు చుక్కలు.

అన్నిటికన్నా ఘనకార్యం మూడో దేశంలో జరిగింది. బారుల్లో గ్లాసు కింద పెట్టే గుండ్రటి అట్టలుంటాయి చూశారూ, అవి పోగుచేసే జబ్బు ఒకటుంది నాకు. కూర్చోగానే అట్ట జేబులోకి పోతుంది. ఆ ఊళ్లో గ్లాసులు చిన్నవి, మూడు గుక్కలకి ఖాళీ. ఖాళీ కాగానే, అడక్కుండానే ఇంకోటి వచ్చింది, కింద కొత్త అట్టతో సహా. ఆహా, ఎంత ఆదరం! అట్ట జేబులో వేసుకున్నాను. ఇంకోటి వచ్చింది. ఆ అట్టా జేబులోకే. ఎనిమిదో గ్లాసుకి "వద్దు మహానుభావా" అని చేతులు జోడించాను. వెయిటరు తల ఊపి తొమ్మిదోది తెచ్చాడు. కుర్చీలోంచి లేవాలంటే కాళ్లు నా మాట వినడం లేదు. చివరికి పక్క బల్ల మీది పెద్దావిడ జాలిపడి, తన అట్ట తీసి నా గ్లాసు మీద మూతలా పెట్టింది. వెంటనే వెయిటరు నవ్వి వెళ్లిపోయాడు. అట్ట గ్లాసు మీదుంటే చాలని అర్థమట! అట్ట కనపడకపోతే ఇంకా కావాలని అర్థమట! తొమ్మిది అట్టలు జేబులో పెట్టుకుని, "ఈ వెయిటరుకి ఆపడం తెలియదు" అని రాసి రెండు చుక్కలు పెట్టాను.

ఇలాంటివాడి దగ్గర మూడు చుక్కలు సంపాదించడం మాటలా? పదకొండు దేశాల్లో కలిపి ఓ డజను బీర్లకి దక్కాయేమో. మా ఊరి బారుకి మాత్రం ఇరవై ఏళ్లుగా, ఒక్కసారీ తప్పకుండా, మూడే.

మా ఊరి బారు గురించి చెప్పాలి. పొడుగాటి గది. రాతిపలక బల్లలు. ఒక ఫ్యాను తిరుగుతుంది, ఒకటి తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. గోడకి మచ్చలు పడ్డ అద్దం. శనివారం మధ్యాహ్నం నేను గుమ్మంలో కనపడగానే వెయిటరు ఫ్రిజ్ తలుపు తీసి, వెనక వరసలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అన్నిటికన్నా చల్లటి సీసా లాగేవాడు. భుజం మీద ఎప్పుడూ తెల్ల తువ్వాలు ఉండేది. అందుకే అందరికీ ఆయన తువ్వాలన్న. నాకన్నా ఓ పదేళ్లు పెద్దవాడు. ఇరవై రెండేళ్లు నాకు వడ్డించాడు.

గ్లాసు తుడిచి, ట్యూబులైటు వైపు ఎత్తి చూసి, మళ్లీ తుడిచేవాడు. వంచి పోసి, పైన రెండు వేళ్ల నురగ నిలబెట్టేవాడు. "గ్లాసు సరిగ్గా కడిగితే గుక్కకో గీత పడాలి బాబూ" అని నాకు నేర్పింది ఆయనే. నిజమే. శుభ్రమైన గ్లాసులో మనం తాగేకొద్దీ నురగ ఒక్కో గుక్క దగ్గర ఒక్కో వలయం వదిలిపోతుంది. జిడ్డు గ్లాసులో వలయాలు నిలవవు, బుడగలు మాత్రం గోడలకి అంటుకుని చూస్తూ ఉంటాయి. పదకొండు దేశాలు తిరిగి నేను నేర్చుకున్న బీరు శాస్త్రమంతా కలిపినా ఈ ఒక్క ముక్కకి సాటి రాదు.

గ్లాసు పెట్టి ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఈసారి ఎక్కడికి బాబూ?"

నేను నోట్‌బుక్ తీసి చదివేవాణ్ణి. ఏ ఊరు, ఏ బీరు, ఎన్ని చుక్కలు, అంతా. పక్క బల్లలు తుడుస్తూ వినేవాడు. తొమ్మిది అట్టల కథ నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. చివర్లో తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "మరి మన దానికెన్ని?" అనేవాడు.

"మన దానికి మూడు."

"అద్దీ!" అని వంటగది వైపు వెళ్లిపోయేవాడు. ఇంట్లో మా ఆవిడ ఒక్కదానికే "ఫరవాలేదు" అర్థమవుతుందనుకుంటే, బయట ఒక్కడికే మూడు అర్థమయ్యేది.

కిందటేడు బారు చేతులు మారింది. మూడు నెలలు మూసి తెరిచారు. అబ్బ, ఏం అభివృద్ధండీ! గోడకి ఇటుకల బొమ్మ కాగితం అంటించారు. బల్బులు తీగలకి వేలాడదీశారు. ఎవరూ తొక్కని సైకిలొకటి గోడ మీదికి ఎక్కించారు. కుర్చీలు ఎంత ఎత్తంటే, ఎక్కి కూర్చున్నాక నా కాళ్లు బడిపిల్లాడి కాళ్లలా గాల్లో ఊగుతున్నాయి. ఇదే ఇటుక, ఇదే తీగ, ఇదే సైకిల్ నేను ఆరు దేశాల్లో చూశాను. విమానం ఎక్కే శ్రమ తప్పిస్తూ ఆ ఆరు దేశాలనీ మా వీధిలోకే తెచ్చారు. ఇది వరం కాదూ?

మెనూ లేదు. బల్ల మీద గళ్లబొమ్మ ఉంది. ఫోన్‌తో దాన్ని ఎలా పట్టుకోవాలా అని నేను కుస్తీ పడుతుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు.

"హలో సర్, వెల్‌కమ్! మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారా?"

తల ఎత్తాను. తువ్వాలన్న! భుజం మీద తువ్వాలు లేదు. నల్ల ఏప్రన్, నల్ల టోపీ, గుండె మీద పేరు రాసిన బ్యాడ్జీ. "అదేంటన్నా?" అన్నాను. ఆయన కనుబొమలు ఎత్తి సీలింగులోని కెమెరా వైపు చూపించాడు. అందరినీ అలాగే అడగాలట. మాటలు రాసిచ్చారట.

"అవునండీ, మొదటిసారే" అన్నాను. ఇరవై రెండేళ్ల స్నేహం కదా, ఆ మాత్రం అబద్ధం ఆడలేనా?

"ఇందులో నారింజ తొక్క, తడి చెక్క, కొంచెం తోలు సంచీ వాసన వస్తుంది సర్" అని ఒక బీరు గురించి అప్పచెప్పాడు. గ్లాసు పెట్టే మిషతో వంగి, "నాకైతే ఏ వాసనా రాలేదు బాబూ" అని గొణిగాడు. పోసింది మాత్రం పాత చెయ్యే. రెండు వేళ్ల నురగ. గ్లాసు ఆయన కడిగింది కాదు. బుడగలు గోడకి అంటుకుని ఉన్నాయి. ఆయన అవి చూసి, నేను చూశానని చూసి, తల వంచుకున్నాడు. "ఈసారి ఎక్కడికి" అని అడగలేదు. అది వాళ్లు రాసిచ్చిన మాటల్లో లేదు కాబోలు.

వెళ్లేముందు ఫోన్‌లో ఫారం తెరుచుకుంది. నా జీవితాశయం నెరవేరిన క్షణం! సంగీతం ఎలా ఉంది? లైటింగ్ ఎలా ఉంది? సెల్ఫీ గోడ ఎలా ఉంది? మీకు వడ్డించినవారు ఎవరు? ఐదు ఫోటోలు, కింద పేర్లు. నాలుగో ఫోటో తువ్వాలన్నది. కింద ఆయన అసలు పేరు ఉంది. ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారీ అడగని పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. ఫారం చెబితే తెలిసిన పేరు, ఏ ముఖం పెట్టుకుని రాస్తాను?

సంగీతానికి ఒకటి ఇచ్చాను. సెల్ఫీ గోడకి ఏమీ ఇవ్వకుండా ముందుకు పోనివ్వలేదు కాబట్టి ఒకటి. తువ్వాలన్న దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఫోన్ మీద ఎత్తి పట్టుకుని, కాసేపు ఆలోచించి, నా జీవితకాలపు అనుభవాన్నంతా కూడగట్టుకుని నొక్కాను.

మూడు!

ఆ శనివారం ఇంటికి ఛాతీ విరుచుకుని వెళ్లాను. మనవాడికి మంచి చేశానని మా ఆవిడకి కూడా చెప్పాను. తను బట్టలు మడతపెడుతూ ఆగి, "మీ మూడు మాకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుందండీ?" అంది. ఆడవాళ్లకి వ్యవస్థల మీద నమ్మకం తక్కువ అనుకున్నాను.

తర్వాతి శనివారం తువ్వాలన్న కనపడలేదు. గడ్డం ఉన్న సర్వరు ఒకాయన వచ్చి, మొదటిసారా అని అడిగాడు. మేనేజరమ్మని పిలిపించాను. చేతిలో టాబ్లెట్, ముఖాన నిద్రలేమి. చిన్న వయసే.

"ఆయన్ని ఫ్లోర్ మీద వడ్డన నుంచి తీసేశాం సార్. ఫీడ్‌బ్యాక్ సరిగ్గా రాలేదు."

"సరిగ్గా రాలేదా? ఆయన మీద? ఏ దరిద్రుడమ్మా ఇచ్చింది?"

ఆవిడ కాస్త ఇబ్బందిగా నా వైపు చూసి, టాబ్లెట్ తిప్పింది. "మీరే సార్."

నా ఫోన్ నంబరు. పక్కన మూడు. ఎర్రటి ఎరుపులో!

"అమ్మా, మూడంటే బాగుందని! బాగుందని కాదు, చాలా బాగుందని! మూడు మించి నేను జన్మలో ఎవరికీ ఇవ్వలేదు. అడగండి, మా ఆవిడకే ఇవ్వలేదు!"

"మా సిస్టంలో నాలుగైనా రాకపోతే కంప్లయింట్ కింద లెక్క సార్. ఐదంటే ఓకే. నాలుగంటే కొంచెం చూసుకోవాలి. మూడంటే..." అని చెయ్యి అడ్డంగా ఊపింది.

"అయితే మార్చేస్తాను. ఐదిస్తాను. పది ఉంటే పదిస్తాను!"

"ఒక ఫోన్ నుంచి ఒక్కసారే సార్. నన్నేమీ అనుకోకండి. నాకూ పైనుంచి స్టార్లు వేస్తారు" అంది. పాపం, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో నిజంగానే భయం ఉంది. నేనిక ఏం అరుస్తాను?

చూశారా ఎంత గొప్ప వ్యవస్థో! ఇరవై రెండేళ్లు నన్ను కడుపులో పెట్టుకుని చూసిన మనిషిని, ఒంటి మీద దెబ్బ వేయకుండా, నోటితో ఒక్క పరుషమైన మాట అనకుండా, బొటనవేలితో ముంచేశాను. అదీ మెచ్చుకుంటూ! పాతకాలంలో ఒక మనిషి పొట్ట కొట్టాలంటే ఎంత కుట్ర కావాలి, ఎంతమంది కావాలి! ఇప్పుడు ఒక్క మర్యాదస్తుడు చాలు.

నేను ఊరుకునే రకం కాదు. మరుసటి శనివారం మా ఆవిడని, బావమరిదిని, వాడి భార్యని, మా పిన్నిని, పక్కింటి రిటైర్డు హెడ్‌మాస్టరుగారిని, మొత్తం ఐదు ఫోన్లని బారుకి తరలించాను. పిన్ని జీవితంలో మొదటిసారి బారు చూసింది. "ఇంత ఎత్తు కుర్చీలేంట్రా, తాగినవాడు పడడా?" అని అడిగింది. బీరుశాస్త్రమంతా చదివిన నాకు ఈ ప్రశ్న తట్టలేదు.

"అందరూ తువ్వాలన్నకి ఐదు కొట్టండి" అని ఆజ్ఞాపించాను. తెరిచి చూస్తే ఫోటోలు నాలుగే. తువ్వాలన్న లేడు! వడ్డిస్తేనే పేరు ఉంటుంది. పేరుంటేనే స్టార్లు వస్తాయి. స్టార్లు వస్తేనే వడ్డించనిస్తారు. హెడ్‌మాస్టరుగారు దీన్ని రెండుసార్లు వేళ్ల మీద వేసి చూసి, "ఎటునుంచి చేసినా సున్నాయే వస్తోందండీ" అని తేల్చారు. ఈలోగా మా బావమరిది తొందరపడి సెల్ఫీ గోడకి ఐదు కొట్టేశాడు. మిగతావాళ్లు మొహమాటానికి గడ్డం సర్వరుకి తలా ఐదు కొట్టారు. ఆ వారం ఉత్తమ సిబ్బందిగా ఆయన ఫోటో సైకిల్ పక్కన గోడకెక్కింది.

తలకొట్టేసినట్టయి నా గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. సగం తాగి ఉంది. అప్పుడు కనపడ్డాయి.

గీతలు! గ్లాసు లోపల, గుక్కకొకటి చొప్పున, చక్కగా నాలుగు తెల్లటి వలయాలు. ఒక్క బుడగ కూడా గోడకి అంటుకుని లేదు. బావమరిది గ్లాసు లాక్కుని చూశాను. అందులోనూ ఉన్నాయి. హెడ్‌మాస్టరుగారు నిమ్మరసం తాగుతున్నారు కాబట్టి వదిలేశాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"ఆయన ఇక్కడే ఉన్నాడే!" అన్నాను. వెనక గదిలో ఉన్నాడు. గ్లాసులు కడుగుతున్నాడు.

లేచి, పక్క సందులోంచి వెనక్కి వెళ్లాను. ఇంకా నాలుగైనా కాలేదు, సందులో ఎండ ఉంది. వెనక తలుపు దగ్గర బోర్లించిన సీసాల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. ఏప్రన్ పక్కన మేకుకి వేలాడుతోంది. భుజం మీద తెల్ల తువ్వాలు ఉంది!

నన్ను చూసి లేచి, "రండి బాబూ. ఇక్కడ కెమెరా లేదులెండి" అని తువ్వాలు సర్దుకున్నాడు. "ఈసారి ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదన్నా. అన్నా, ఆ మూడు ఇచ్చింది నేనే."

"తెలుసు. మేనేజరమ్మ చూపించింది. ఎర్రగా ఉంది."

"నన్ను తిట్టు."

"ఎందుకు బాబూ? ఆవిడేమో కస్టమరు చాలా అసంతృప్తి చెందాడు అని చదువుతోంది. నాకు లోపల్లోపల నవ్వాగట్లేదు. పదకొండు దేశాలు తిరిగి మూడు దాటని మనిషి, నాకు మూడిచ్చాడే అని! ఇంతకాలం మన బారుకిచ్చారు. ఇదే మొదటిసారి నా పేరు మీద రావడం."

ఇంటి బయట నా చుక్కలు చదవడం వచ్చిన ఒకే ఒక్క మనిషిని నా చుక్కలే ఈ పెట్టె మీద కూర్చోబెట్టాయి.

"మరి ఆ మాట ఆవిడకి చెప్పొద్దూ!"

"చెప్పానండీ. మీ నీలం పుస్తకం సంగతి, ఆ నాలుగో చుక్క కొట్టేసిన సంగతి, అంతా చెప్పాను. పాపం, మొత్తం విన్నది. అంత రాయడానికి అందులో చోటు లేదంది."

"నీ పేరు కూడా అడగలేదన్నా ఇన్నేళ్లూ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"మీ పేరు మాత్రం నాకు తెలుసా ఏంటి? బాగా చల్లగా, నురగ రెండు వేళ్లు. అంతే తెలుసు" అని నవ్వాడు.

జేబులోంచి నోట్‌బుక్ తీశాను. కొత్త పేజీలో ఆయన పేరు రాశాను. ఐదు చుక్కలు పెట్టబోతున్నాను. మూడు పెట్టి నాలుగోదానికి పెన్ను ఆనించేసరికి ఆయన తడిచెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"వద్దు బాబూ. మూడే ఉండనీండి. ఐదు ఆ గోడక్కూడా ఇస్తున్నారుగా."

ఆపేశాను. ఆ పేజీ మీద ఆయన చేతి తడి ఆరి, కాగితం అక్కడ ఇప్పటికీ కొంచెం ఉబ్బి ఉంది.

"ఇక్కడ బాగానే ఉందా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"బాగానే ఉంది. గ్లాసులు నా చేతిలో ఉన్నాయిగా. కాకపోతే నెలాఖరుకి కడిగే మిషన్ వస్తోందట. అది వచ్చాక చూడాలి" అన్నాడు. చూడాలి అంటే ఏం చూడాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. జీవితమంతా మిషన్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఆ ముక్క విన్నాక ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

కాబట్టి పాఠకులారా, నా సిద్ధాంతంలో మార్పు లేదు. స్టార్లు వరమే! మనసులోని మాటని ఐదు గళ్లలో ఎక్కడో ఒకచోట ఇరికించి నొక్కేస్తే, అవతలివాడికి అది ఏ రంగులో కనపడుతుందో మనకి తెలియాల్సిన పని లేదు. మనం హాయిగా ఛాతీ విరుచుకుని ఇంటికి పోవచ్చు. నేను పోలేదా?

ఎడిటర్‌గారు నిన్న ఫోన్ చేశారు. కిందటి నెల నా కాలమ్‌కి సగటున మూడు పాయింట్ రెండు వచ్చిందట. "పాఠకులు మూడిచ్చారా!" అని నేను పొంగిపోయేలోపే, "ఎర్రగా ఉందండీ" అన్నారు. ఇలాగే ఉంటే నన్ను ఈ పేజీ మీంచి తీసి వెనక్కి పంపాల్సి వస్తుందట.

కింద ఐదు చుక్కలున్నాయి. పక్కన గళ్లబొమ్మ ఉంది. మా ఆవిడ, ఐదు కొట్టమని బతిమాలుకోండి అంది. నేను బతిమాలను. ఇది నిజంగా మీకు నచ్చితే మూడే కొట్టండి. మహా అయితే నన్ను గ్లాసులు కడగమంటారు. అక్కడ నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, పని నేర్పుతాడు.

కాకపోతే కాస్త త్వరగా కొట్టండి. నెలాఖరుకి మిషన్ వచ్చేస్తుంది.